సైన్యంలో లైంగిక దుష్ప్రవర్తనకు గురైనవారికి సేవలు: కెనడా ప్రభుత్వ గ్రాంటుకు సామాజిక సంస్థలు దరఖాస్తు చేయడం ఎలా?

మీరు కెనడాలో ఒక కౌన్సెలింగ్ కేంద్రంలోనో, మహిళల ఆశ్రయ గృహంలోనో, వలస కుటుంబాలకు తోడ్పడే సంస్థలోనో పనిచేస్తూ ఉండవచ్చు. లేదా అలాంటి సంస్థ బోర్డులో సభ్యులై, వచ్చే ఏడాది జీతాలకు డబ్బు ఎక్కడినుంచి తేవాలా అని ఆలోచిస్తూ ఉండవచ్చు. సైన్యంలో లైంగిక వేధింపులకూ దాడులకూ గురైనవారికి సైన్యం వెలుపల సేవలు అందించే సంస్థల కోసం ఆ దేశపు జాతీయ రక్షణ శాఖ కమ్యూనిటీ సపోర్ట్ ఫర్ సెక్సువల్ మిస్‌కాండక్ట్ సర్వైవర్స్ అనే గ్రాంటు పథకాన్ని ఏర్పాటు చేసింది. దానికి దరఖాస్తును ఎలా సిద్ధం చేసుకోవాలో, ఏ విషయాల దగ్గర ఆగి ఆలోచించాలో ఇక్కడ వివరిస్తాను. దీనితో తెలుగువారికి ఏం సంబంధమని కొందరికి అనిపించవచ్చు. 2022 నవంబరు నుంచి కెనడా సాయుధ దళాలు శాశ్వత నివాసులను కూడా చేర్చుకుంటున్నాయి. కాబట్టి పౌరసత్వం రాకముందే యూనిఫాం వేసుకునే అవకాశం మన కుటుంబాల్లోని యువతీయువకులకూ ఉంది, వారికి ఆపద వస్తే వెళ్ళే చోటు గురించి ఆలోచించవలసిన అవసరమూ ఉంది.

మొదటి పని: ఈ డబ్బు ఎందుకు పుట్టిందో తెలుసుకోండి

దరఖాస్తు రాసేముందు ఈ పథకం వెనుక ఉన్న చరిత్రను ఒక గంట కూర్చుని చదవండి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి మేరీ డెషాం 2015లో ఇచ్చిన నివేదిక, సైన్యంలో మహిళల పట్ల శత్రుభావంతో కూడిన లైంగిక వాతావరణం ఉందని చెప్పి, బాధితులను ఆదుకోవడానికి సైన్యంతో సంబంధం లేని స్వతంత్ర కేంద్రం ఒకటి ఉండాలని సూచించింది. ఆ ఏడాదే ఏర్పడిన కేంద్రాన్ని ఇప్పుడు సెక్సువల్ మిస్‌కాండక్ట్ సపోర్ట్ అండ్ రిసోర్స్ సెంటర్ అని పిలుస్తున్నారు, ఇక్కడ దానిని సహాయ కేంద్రం అంటాను. గ్రాంటు వ్యవహారం చూసేదీ ఈ కేంద్రమే. అది రక్షణ శాఖలో భాగమే అయినా, అక్కడ పనిచేసేవారు పౌర ఉద్యోగులు, వారు జవాబు చెప్పుకొనేది శాఖ ఉప మంత్రికి కానీ సైన్యాధిపతికి కాదు. ఉప మంత్రి అనే మాట విని రాజకీయ నాయకుడనుకోకండి, కెనడాలో ఆ పదవి మన దగ్గరి శాఖా కార్యదర్శి పదవి లాంటిది.

ఆ తరువాతి పదేళ్ళలో జరిగినవాటిలో మూడింటిని గుర్తుంచుకుంటే చాలు. 2019 నవంబరులో బాధితులు ప్రభుత్వం మీద వేసిన సామూహిక వ్యాజ్యంలో ఫెడరల్ కోర్టు ఆమోదించిన ఒప్పందం కింద గరిష్ఠంగా 90 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయమైంది. 2021 బడ్జెట్‌లో రక్షణ శాఖకూ, మాజీ సైనికుల వ్యవహారాల శాఖకూ కలిపి ఐదేళ్ళలో 23.62 కోట్ల డాలర్లు, ఆపైన ఏటా 3.35 కోట్ల డాలర్లు కేటాయించారు. 2022 మేలో మరో మాజీ న్యాయమూర్తి లూయీస్ ఆర్బర్ 48 సిఫార్సులతో ఇచ్చిన నివేదిక, క్రిమినల్ కోడ్ కిందికి వచ్చే లైంగిక నేరాల విచారణను సైనిక న్యాయవ్యవస్థ నుంచి తప్పించి పౌర న్యాయస్థానాలకు అప్పగించాలని చెప్పింది.

ఈ చరిత్రను దరఖాస్తులో తిరిగి రాయనవసరం లేదు, చదివే అధికారులకు అది మీకంటే బాగా తెలుసు. మీరు గ్రహించవలసింది ఒక్కటే. దేశంలో కౌన్సెలింగ్ కొరతగా ఉంది కాబట్టి పుట్టిన పథకం కాదిది. తన పై అధికారికి తెలియకుండా, తన సైనిక వైద్య ఫైలులో ఒక్క అక్షరమూ చేరకుండా ఒక సైనికురాలు సాయం అడగగలిగే తలుపు ఊళ్ళో ఒకటి ఉండాలని పుట్టిన పథకం. మీ సంస్థ అలాంటి తలుపు అవునో కాదో చూపించడమే దరఖాస్తులోని అసలు పని. బడ్జెట్, సిబ్బంది, నివేదికలు అన్నీ దాని తరువాతే.

రెండవ పని: ఎవరికి సేవ చేస్తారో తేల్చుకోండి

సైన్యం అనగానే యూనిఫాంలో ఉన్నవారే కళ్ళముందు మెదులుతారు. సహాయ కేంద్రం మాత్రం తన సేవలను ప్రస్తుత, మాజీ సైనికులకూ, రక్షణ శాఖలోని పౌర ఉద్యోగులకూ, సైన్యం తోడ్పాటుతో నడిచే యువజన శిక్షణ కార్యక్రమాలైన క్యాడెట్లు, జూనియర్ కెనడియన్ రేంజర్లలో 16 ఏళ్ళు నిండినవారికీ, కుటుంబ సభ్యులకూ అందిస్తోంది. ఈ సమూహాల అవసరాలు ఒకేలా ఉండవు కనుక, అందరికీ అన్నీ చేస్తామని రాయడం కంటే మీ ఊరి పరిస్థితిని బట్టి ఒకటి రెండు సమూహాలను ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎంచుకునేటప్పుడు వైద్య ఏర్పాట్లలోని తేడాను గమనించండి. కెనడా హెల్త్ యాక్ట్ ప్రకారం సైనికులు ప్రావిన్సు ఆరోగ్య బీమా పరిధిలోకి రారు, వారి వైద్యం సైనిక ఆరోగ్య సేవల ద్వారానే జరుగుతుంది. అంటే పెటవావా, గేజ్‌టౌన్ లాంటి సైనిక స్థావరాల్లో ఉన్న సైనికురాలికి కౌన్సెలర్ కూడా మామూలుగా సైనిక వ్యవస్థ ద్వారానే దొరుకుతారు. తన ఆరోగ్య వివరాల వల్ల విదేశీ విధులకు పనికిరానని తేలుస్తారేమోనన్న భయం ఉన్నవారు అక్కడ నోరు విప్పరు. వారి భార్యాభర్తలకూ పిల్లలకూ ప్రావిన్సు బీమాయే వర్తిస్తుంది. వారికి కుటుంబ బదిలీలతో చిక్కు, ఎందుకంటే కొత్త ప్రావిన్సుకు వెళ్ళిన ప్రతిసారీ వెయిటింగ్ లిస్టులో మళ్ళీ చివరినుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. మీ దరఖాస్తులో ఈ రెండు ఇబ్బందుల్లో దేనిని తీరుస్తున్నారో స్పష్టంగా కనబడాలి.

గణాంకాలు వాడితే జాగ్రత్తగా వాడండి. స్టాటిస్టిక్స్ కెనడా 2018 సర్వేలో రెగ్యులర్ దళంలో (పూర్తికాల సైనికుల్లో) సుమారు 900 మంది, అంటే 1.6 శాతం, గడచిన ఏడాదిలో లైంగిక దాడికి గురయ్యామని చెప్పారు. 2022 సర్వేలో ఆ సంఖ్య సుమారు 1,960కి, అంటే 3.5 శాతానికి పెరిగింది. ఇవి అప్పుడు సైన్యంలో ఉన్నవారి లెక్కలు. మాజీలు, కుటుంబాలు, పౌర ఉద్యోగులు ఇందులో లేరు. జాతీయ అంకెలు ఒక వాక్యంతో సరిపెట్టి, మీ దగ్గరికి వచ్చినవారిలో సైన్యంతో సంబంధం ఉన్నవారు ఎందరు, వారు ఎన్ని వారాలు వేచి ఉన్నారు అన్న సొంత లెక్కలకు చోటివ్వండి. ఇప్పటివరకు నమోదు పత్రంలో ఆ ప్రశ్న అడగకపోతే ఈరోజే చేర్చండి. జవాబు చెప్పడం వారి ఇష్టానికే వదిలేయాలి.

మూడవ పని: కాగితాలు సరిచూసుకోండి

ఇది విసుగు పుట్టించే పనే అయినా, ఇక్కడ తప్పు జరిగితే మిగతాది చదవకుండానే దరఖాస్తును పక్కన పెడతారు. సంస్థ చట్టబద్ధంగా నమోదై ఉండాలి. ఆంటారియోలో నమోదైన లాభాపేక్ష లేని సంస్థలకు 2021 అక్టోబరు 19న అమలులోకి వచ్చిన కొత్త చట్టం వర్తిస్తుంది. మీ నియమావళిని ఆ చట్టానికి అనుగుణంగా సవరించారో లేదో చూసుకోండి. పన్నులు వసూలు చేసే రెవెన్యూ ఏజెన్సీ ఇచ్చిన బిజినెస్ నంబరు, గత రెండు మూడేళ్ళ ఆర్థిక నివేదికలు, బోర్డు సభ్యుల జాబితా, దరఖాస్తుకు అనుమతిస్తూ బోర్డు చేసిన తీర్మానం, బాధ్యతా బీమా పత్రం, ఇవన్నీ ఒక ఫోల్డరులో పెట్టుకోండి. రిజిస్టర్డ్ చారిటీ అయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో సమర్పించవలసిన వార్షిక వివరాల పత్రం, టి3010 ఫారం, బకాయి ఉండకూడదు.

దరఖాస్తులను ఆహ్వానించే ప్రకటన వెలువడినప్పుడు అర్హతలు, గరిష్ఠ మొత్తం, గడువు, అనుమతించని ఖర్చులు అన్నీ ఆ ప్రకటనలోనే ఉంటాయి. గత ప్రకటన చూసి రాసుకున్న అంకెలను ఈసారికీ వర్తింపజేయకండి. ఎవరికి ఎంత ఇచ్చారో తెలుసుకోవాలంటే ఫెడరల్ ప్రభుత్వపు ఓపెన్ గవర్నమెంట్ పోర్టల్‌లో వెతకండి, 25,000 డాలర్లు దాటిన గ్రాంటులను శాఖలన్నీ మూడు నెలలకొకసారి అక్కడ వెల్లడించవలసిందే. మీలాంటి సంస్థకు, మీలాంటి ఊళ్ళో, ఎంత మొత్తం మంజూరైందో చూస్తే మీ కోరిక ఏ స్థాయిలో ఉండాలో అర్థమవుతుంది.

గ్రాంటు ఇప్పిస్తాను, వచ్చిన దానిలో ఇంత శాతం నాకివ్వండి అని అడిగే మధ్యవర్తులు ఎదురైతే మర్యాదగా సాగనంపండి. లాబీయింగ్ చట్టం అలాంటి షరతుతో కూడిన చెల్లింపులను నిషేధిస్తుంది. మీ ఒప్పందంలో కూడా ఆ విషయమై హామీ అడగవచ్చు. రాతపనికి సాయం కావాలంటే గంటల లెక్కన రుసుము చెల్లించి తీసుకోండి.

నాలుగవ పని: గోప్యతను మాటల్లో కాక ఏర్పాట్లలో చూపించండి

దరఖాస్తు తయారీకి మీకు నాలుగు వారాలుంటే, రెండు వారాలు దీనికే కేటాయించమని చెబుతాను. గోప్యత పాటిస్తామని అందరూ రాస్తారు. ఎలా పాటిస్తారో రాసేవారు తక్కువ.

మొదట ఫోనుతో ఆరంభించండి. సైనిక నివాసాల్లో ఉండే వ్యక్తికి మీరు ఫోను చేసినప్పుడు తెరమీద సంస్థ పేరు కనబడుతుందా? వాయిస్ మెయిల్‌లో ఏం చెబుతారు? అపాయింట్‌మెంట్ గుర్తుచేసే సందేశంలో లైంగిక దాడి అన్న మాట ఉంటుందా? మీ కార్యాలయం సైనిక స్థావరం ఎదుటి వీధిలో ఉంటే, యూనిఫాంలో వచ్చే మనిషిని చూసేవారు ఎందరు? సాయంత్రం ఏడు తరువాత, శనివారాలు తలుపు తెరచి ఉంచగలరా? పగటిపూట డ్యూటీ వదిలి రావాలంటే ఎవరినో ఒకరిని అనుమతి అడగాలి, అడిగితే కారణం చెప్పాలి. ఇంత చిన్న విషయంతో మీ సేవ మొత్తం నిరుపయోగమయ్యే ప్రమాదం ఉంది.

రాకపోకల నియమాన్నీ చూడండి. వరుసగా మూడు అపాయింట్‌మెంట్లు తప్పితే ఫైలు మూసేస్తామన్న నియమం చాలా కేంద్రాల్లో ఉంది. శిక్షణ విన్యాసాలకని రాత్రికి రాత్రి అడవిలోకి పంపే ఉద్యోగంలో ఉన్నవారికి ఆ నియమం కుదరదు, దానిని సడలించామని దరఖాస్తులో రాయండి. బదిలీలు ఎక్కువగా వేసవిలో జరుగుతాయి కనుక, జూన్ నుంచి సెప్టెంబరు మధ్య ఊరు మారేవారిని ఎలా కొనసాగిస్తారో చెప్పండి. ఆన్‌లైన్‌లో కొనసాగిస్తామంటే, ఆ కౌన్సెలర్‌కు కొత్త ప్రావిన్సులో పనిచేసే అర్హత ఉందో లేదో ముందే విచారించండి. క్యూబెక్‌లో వైద్యులు, సైకాలజిస్టులు కానివారు సైకోథెరపీ చేయాలంటే అక్కడి సైకాలజిస్టుల మండలి అనుమతిపత్రం కావాలి.

రికార్డుల విషయం మరింత సున్నితమైనది. లైంగిక నేరం కేసులో నిందితుడి తరఫు న్యాయవాది బాధితురాలి కౌన్సెలింగ్ నోట్సు కావాలని కోర్టును అడగవచ్చు. క్రిమినల్ కోడ్‌లోని 278.1 నుంచి మొదలయ్యే సెక్షన్లు దీనికి గట్టి కట్టుబాట్లు విధించాయి: రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి, ఆ నోట్సుకు కేసుతో సంబంధం ఉందని చూపాలి, రికార్డు ఉన్న సంస్థకూ బాధితురాలికీ తమ వాదన వినిపించే హక్కు ఉంటుంది, చివరికి న్యాయమూర్తి నిర్ణయిస్తారు. అయినా అవకాశం పూర్తిగా మూసుకుపోలేదు. అందువల్ల నోట్సులో ఏం రాయాలి, ఏం రాయనవసరం లేదు, ఎన్నేళ్ళు ఉంచాలి, సమన్లు వస్తే ఏ న్యాయవాదిని పిలవాలి అన్న లిఖిత విధానం మీ దగ్గర ఉండాలి, ఆ న్యాయవాది రుసుమును బడ్జెట్‌లో చూపవచ్చేమో అడగాలి. ఈ సంగతులన్నీ వచ్చినవారికి తొలి సమావేశంలోనే చెప్పాలి. గోప్యతకు ఉన్న హద్దులు కూడా అప్పుడే చెప్పాలి. ఉదాహరణకు ఆంటారియోలో 16 ఏళ్ళలోపు పిల్లలపై అఘాయిత్యం జరిగిందన్న అనుమానం వస్తే పిల్లల రక్షణ సంస్థకు తెలియజేయడం తప్పనిసరి. క్యాడెట్ల కుటుంబాలతో పనిచేసేవారికి ఈ నిబంధన ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

సైనికులు తమకు తెలిసిన దుష్ప్రవర్తనను పై అధికారులకు తప్పక నివేదించాలన్న నియమం 2024 జూన్ 30న రద్దయింది. అయితే ఆ నియమం నాటి భయం నియమంతోపాటు పోదు. మీ దగ్గర చెప్పిన మాట ఫిర్యాదుగా మారదని, ఫిర్యాదు చేయాలో వద్దో వారే నిర్ణయించుకోవచ్చని మీ కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఫిర్యాదు చేసేవారికి పోలీసు స్టేషనుకూ, పౌర న్యాయస్థానానికీ తోడుగా వెళ్ళే సేవ మీ దగ్గర ఉంటే దానిని ప్రత్యేకంగా పేర్కొనండి. కేసులు పౌర పోలీసుల చేతికి వస్తున్నకొద్దీ ఈ తోడు విలువ పెరుగుతుంది, ఆ దారులు మీకు ఇప్పటికే తెలుసు.

ఇంగ్లీషు, ఫ్రెంచి కాక ఇతర భాషల్లో సేవ అందిస్తామంటే అది మంచిదే. కానీ దుబాసీ ఎవరన్న ప్రశ్న వేసుకోండి. నాకు తెలిసిన ఒక చిన్న నగరంలో తెలుగు కుటుంబాలన్నీ ఒకే గుడికి వెళతాయి, ఒకే ఉగాది విందులో భోంచేస్తాయి. అక్కడి అమ్మాయి మాటలను ఆ ఊరి ఆంటీ అనువదిస్తే ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కర లేదు. గోడలకు చెవులుంటాయని ఊరికే అనలేదు మనవాళ్ళు. వేరే నగరంలో ఉండే దుబాసీతో, పేరు చెప్పకుండా, ఫోనులో మాట్లాడించే ఏర్పాటు చేసి, ఆ ఖర్చును బడ్జెట్‌లో చూపండి.

ఐదవ పని: బడ్జెట్‌ను మనుషుల లెక్కలోకి మార్చండి

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. వారానికి 21 గంటలు పనిచేసే కౌన్సెలర్‌ను నియమించారనుకోండి. నోట్సు, పర్యవేక్షణ, ఫోన్లు పోగా వారానికి 12 సమావేశాలు కుదురుతాయి. సెలవులు, శిక్షణ తీసేస్తే ఏడాదికి 44 వారాలు. మొత్తం 528 సమావేశాలు. ఒక్కొక్కరికి 12 సమావేశాల చొప్పున 44 మందికి సేవ అందుతుంది. అందులో 15 శాతం రద్దవుతాయనుకుంటే మిగిలేది సుమారు 449, అంటే 37 మంది. దరఖాస్తులో 37 అని రాయండి. పెద్ద అంకె రాస్తే మెచ్చుకుంటారన్న ఆశతో 80 అని రాసిన సంస్థ, ఏడాది చివర 40 మందిని చూపి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది.

ఫెడరల్ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. మీ సంస్థ సంవత్సరం వేరైనా, ఈ బడ్జెట్‌ను ఆ తేదీల ప్రకారమే విడదీయండి. జీఎస్‌టీ చెల్లింపుల్లో చారిటీలకు సగం తిరిగి వస్తుంది. ప్రభుత్వ నిధులు కనీసం 40 శాతం ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకూ ఆ వెసులుబాటు ఉంది. అందువల్ల తిరిగిరాని పన్నును మాత్రమే ఖర్చుగా చూపాలి. ఇదే పనికి ప్రావిన్సు నుంచో, మునిసిపాలిటీ నుంచో డబ్బు వస్తుంటే దాచకుండా చెప్పండి, ప్రభుత్వ నిధులన్నీ కలిపి ఎంత మించకూడదన్న పరిమితిని వారు చూస్తారు. రోజూ ఇలాంటి కథలు వినే కౌన్సెలర్‌కు పర్యవేక్షణ, విశ్రాంతి కూడా ఖర్చులే, వాటిని సిగ్గుపడకుండా అడగండి.

ఆరవ పని: ఒప్పందం చదివి సంతకం చేయండి

కెనడా ప్రభుత్వ భాషలో గ్రాంటు వేరు, కాంట్రిబ్యూషన్ వేరు. గ్రాంటుకు అర్హత ముందే పరిశీలించి డబ్బు ఇస్తారు, మామూలుగా ఖర్చుల ఆడిట్ ఉండదు, ఫలితాల నివేదిక మాత్రం అడగవచ్చు. కాంట్రిబ్యూషన్‌లో రసీదులు చూపాలి, ఆడిట్‌కు సిద్ధంగా ఉండాలి. మీ చేతికొచ్చిన పత్రం ఏదో చూసుకోండి. గ్రాంటే అయినా, దానికి విడిగా ఖాతా పద్దు పెట్టి రసీదులు భద్రపరచడం నా సలహా.

నివేదికలో వ్యక్తుల కథలు రాయకండి, పేర్లు మార్చి కూడా రాయకండి. ఫలానా స్థావరంలో ఫలానా విభాగానికి చెందిన ఒకే ఒక్క మహిళా సాంకేతిక నిపుణురాలు ఎవరో అక్కడందరికీ తెలుస్తుంది. ఐదుగురికంటే తక్కువ ఉన్న వర్గాలను విడిగా చూపకుండా కలిపేయండి. ఎంతమంది వచ్చారు, ఎన్ని రోజుల్లో తొలి సమావేశం దొరికింది, మధ్యలో ఎందరు మానేశారు అన్న మూడు అంకెలు నిజాయితీగా ఇస్తే చాలావరకు సరిపోతుంది.

మీ దగ్గరికి వచ్చినవారు పరిహారం గురించి అడిగితే, సామూహిక వ్యాజ్యపు క్లెయిముల గడువు 2021 నవంబరులోనే ముగిసిందని మెల్లగా చెప్పండి. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ద్వారా వైకల్య ప్రయోజనాలకు దరఖాస్తు చేసే దారి, సహాయ కేంద్రం ద్వారా స్వతంత్ర న్యాయ సలహా పొందే దారి తెరిచే ఉన్నాయి. కేంద్రానికి రాత్రింబవళ్ళూ పనిచేసే ఫోను నంబరు 1-844-750-1648 ఉంది, పేరు చెప్పనవసరం లేదు.

దరఖాస్తు తిరస్కరిస్తే, లేదా డబ్బు అయిపోతే

తిరస్కరణ లేఖ వస్తే వారం ఆగి, ఏ అంశంలో వెనుకబడ్డామో చెప్పమని మర్యాదగా ఈమెయిలు రాయండి. మీ దృష్టి మాజీ సైనికుల మీద, వారి కుటుంబాల మీద ఉంటే 2018లో మొదలైన వెటరన్ అండ్ ఫ్యామిలీ వెల్‌బీయింగ్ ఫండ్‌ను చూడండి. లైంగిక హింస బాధితులందరికీ సేవ చేసేవారైతే, లింగ ఆధారిత హింసను అంతం చేయడానికి 2022లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద ఫెడరల్ నిధులు ప్రావిన్సుల ద్వారా చేరుతున్నాయి కనుక మీ ప్రావిన్సు శాఖను అడగండి.

మంజూరైనవారు కూడా తొలి రోజునే చివరి మూడు నెలల ప్రణాళిక రాసుకోవాలి. మార్చి 31తో నిధులు ఆగిపోయే అవకాశం ఉంటే, జనవరి తరువాత కొత్తగా వచ్చేవారికి ఎన్ని సమావేశాలు హామీ ఇవ్వగలరో వారికి ముందే చెప్పండి. ఆ తరువాత వారిని ఏ కేంద్రానికి, ఎవరి పేరు మీద పంపుతారో ఆ కేంద్రంతో లిఖితపూర్వకంగా కుదుర్చుకుని, ఆ ఉత్తరం నకలును దరఖాస్తుకు జతచేయండి.